ఒకరు వద్దంటే ఇద్దరూ ఆగాల్సిందే: జంటగా బ్యాక్‌ప్యాకింగ్, సాహస క్రీడల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మైకు కాస్త దగ్గరికి లాక్కుంటాను.

జంటగా విదేశాల్లో బ్యాక్‌ప్యాకింగ్ గురించి, అందులోనూ అడ్వెంచర్ స్పోర్ట్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ దేశానికి ఏ నెలలో వెళ్ళాలి, ఏ హాస్టల్ బాగుంటుంది, టికెట్లు ఎప్పుడు చవగ్గా దొరుకుతాయి, ఇవన్నీ ఫోన్లో వెతికితే ఐదు నిమిషాల్లో తేలిపోతాయి, వాటికోసం మీ సాయంత్రం పాడుచేయను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. ఇద్దరు కలిసి బయల్దేరినప్పుడు ఒకరికి దూకాలని ఉంటుంది, ఒకరికి ఉండదు. ఒకరు ఇంకాస్త పైకి ఎక్కుదామంటారు, రెండోవాళ్ళకి అప్పటికే తల పగిలిపోతుంటుంది. అప్పుడు ఎవరి మాట చెల్లాలి? జంటల మధ్య దారిలో నేను చూసిన గొడవలు చాలావరకు ఇక్కడ పుట్టినవే.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తీరిగ్గా పోట్లాడొచ్చు. వద్దన్నవాళ్ళ మాటే చెల్లాలి. కారణం చెప్పమని నిలదీయకూడదు, బతిమాలకూడదు, రాత్రి పడుకునే ముందు మళ్ళీ ఆ సంగతి ఎత్తకూడదు.

ముందు వరసలో ఒకాయన అప్పుడే మొహం మాడ్చుకున్నారు. (నవ్వులు) అయ్యో, ఆగండి, ఇంకా మొదలుపెట్టలేదు. ఇందులో రెండు రకాలున్నాయి. కాళ్ళకి సాగే తాడు కట్టుకుని ఎత్తు మీంచి దూకే బంజీ, విమానం మీంచి పారాచూట్‌తో దూకే స్కైడైవింగ్ లాంటివి ఎవరికి వాళ్ళు చేసేవి. అక్కడ ఒకరు వద్దంటే ఆ ఒక్కరే మానేస్తారు, రెండోవాళ్ళు హాయిగా వెళ్ళి దూకొచ్చు. గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుక్కి వెళ్ళే స్కూబా, రాక్ క్లైంబింగ్, ఎత్తయిన చోట్ల ట్రెక్ అలా కాదు, ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అక్కడ ఒకరు వద్దంటే ఇద్దరూ ఆగాల్సిందే. చాలామంది ఈ రెంటినీ తారుమారు చేసుకుంటారు. బంజీ దగ్గరేమో "నువ్వు దూకకపోతే నేనూ దూకను" అని అలుగుతారు, కొండ మీదేమో "నువ్విక్కడ కూర్చో, నేను పైదాకా వెళ్ళొస్తా" అని వదిలేసి పోతారు.

కలిసి భయపడితే ప్రేమ పెరుగుతుందని ఒక మాట బాగా చలామణీలో ఉంది. దీనికి మూలం 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో చేసిన ప్రయోగం. వాంకూవర్ దగ్గర కాపిలానో అని ఊగిసలాడే వేలాడే వంతెన ఉంది, లోయకి 70 మీటర్ల ఎత్తున. దాని మీద నడిచే మగవాళ్ళని ఒక అమ్మాయి పలకరించి నాలుగు ప్రశ్నలడిగి, ఇంకా వివరాలు కావాలంటే ఫోన్ చేయండని నంబరిస్తుంది. గట్టి వంతెన మీద కూడా అదే పని చేస్తుంది. ఊగే వంతెన మీద కలిసినవాళ్ళలో ఎక్కువమంది తర్వాత ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెని ఆకర్షణ అనుకున్నారని వాళ్ళ వివరణ. బాగానే ఉంది, కానీ వాళ్ళు ఒకరికొకరు కొత్తవాళ్ళు, పెళ్ళయి ఏళ్ళు గడిచిన జంటలు కాదు. జంటల మీద అదే ఆరన్ బృందం చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందులో భార్యాభర్తల చేతుల్నీ కాళ్ళనీ కలిపి కట్టేసి, ఇద్దరి మధ్యా ఒక దిండు పెట్టి, చేత్తో పట్టుకోకుండా, పళ్ళతో కరవకుండా దాన్ని మోసుకుంటూ పరుపుల మీద పాక్కుంటూ వెళ్ళమన్నారు. (నవ్వులు) అలా చేసిన జంటలకి తమ బంధం మీద తృప్తి పెరిగిందట, మామూలు పని చేసిన జంటల కంటే. అక్కడ ప్రాణాపాయం ఏముంది చెప్పండి? ఆ పని ఇద్దరికీ కొత్తది, ఇద్దరూ సమానంగా అందులో ఇరుక్కున్నారు. నాకు దాంట్లోంచి అర్థమైంది ఏమిటంటే, ఒకరు ఏడుస్తూ ఒకరు ఎగురుతూ చేసే సాహసంతో జంటకి ఒరిగేదేమీ లేదు.

సరే, బంజీ. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ దగ్గర కవరావ్ నది మీద పాత వంతెన ఒకటుంది. డబ్బు తీసుకుని జనాన్ని దూకించే బంజీకి పుట్టిల్లు అదే, 1988లో ఏ.జె. హాకెట్, హెన్రీ వాన్ ఆష్ అక్కడ మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది హాకెట్ పారిస్‌లో ఈఫిల్ టవర్ మీంచి దూకి ప్రపంచమంతా మారుమోగిపోయాడు. ఇంకా వెనక్కి వెళ్తే, పసిఫిక్ సముద్రంలో వనువాటు అనే దేశంలోని పెంటెకోస్ట్ దీవిలో మగవాళ్ళు చీలమండలకి తీగలు కట్టుకుని కట్టె గోపురాల మీంచి దూకే ఆచారం ఉంది, అదే వీళ్ళందరికీ ప్రేరణ. కవరావ్ ఎత్తు 43 మీటర్లు. అక్కడికి దగ్గర్లోనే నెవిస్ అని 134 మీటర్లది ఉంది, దాని జోలికి నేను పోలేదు.

కౌంటర్ దగ్గర ముందు మీ బరువు చూసి, ఆ అంకెను చేతి మీద మార్కర్‌తో రాసేస్తారు. ఏ తాడు కట్టాలో దాన్ని బట్టే తేలుతుంది, ఎందుకంటే రబ్బరు తాడు ఎంత సాగుతుందన్నది మోసే బరువు మీదే ఆధారపడుతుంది. వంతెన మీదికెళ్ళాక కూర్చోబెట్టి, చీలమండల చుట్టూ తువ్వాలు చుట్టి, దాని మీద పట్టీ బిగిస్తారు. ఆ తర్వాత నిలబడి అంచుదాకా వెళ్ళాలి, కాళ్ళు రెండూ కట్టేసి ఉంటాయి కాబట్టి నడవలేం, అంగుళం అంగుళం జరుగుతూ వెళ్ళాలి. నాకైతే మొత్తం వ్యవహారంలో దూకడం కంటే ఆ జరగడమే కష్టంగా ఉంది. మా ఆయన కౌంటర్ దగ్గరే "నా వల్ల కాదు" అన్నారు. సరే అన్నాను. ఆయన చూసేవాళ్ళు నిలబడే చోటికి వెళ్ళి నా వీడియో తీశారు, దాన్లో సగం సేపు ఆయన బొటనవేలే కనపడుతుంది.

నా ముందు వరసలో ఒక జంట ఉంది. అతనేమో ముందే దూకి కింద పడవలో ఉన్నాడు, ఆవిడ అంచున నిలబడి వణికిపోతోంది, కింద నుంచి అతను "కమాన్, కమాన్" అని ఒకటే అరుపు. సిబ్బంది మాత్రం ఒక్కమాట కూడా తొందరపెట్టలేదు, "వెనక్కి రావాలనుందా?" అని మెల్లిగా అడిగారు. ఆవిడ దూకింది. చూసేవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు కూడా. సాయంత్రం మా హాస్టల్ వంటగదిలోనే ఇద్దరూ కనపడ్డారు, చెరో బల్ల దగ్గరా కూర్చుని తింటున్నారు. ఆమె తనకోసం దూకలేదు. నిర్ణయం ఆ అంచు దగ్గర తీసుకునేది కాదండీ, అక్కడ నిలబడ్డాక మనిషికి బుర్ర పనిచేయదు. ముందు రోజు రాత్రి, కడుపు నిండా తిన్నాక, కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి అది. ఇంకోటి, వద్దన్న మనిషి మనసు మార్చుకుని తనంతట తాను వస్తానంటే అది వేరే సంగతి, కానీ అడగాల్సింది వాళ్ళు, మనం కాదు.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం, నా అసలు గోల ఇక్కడే.

నీటి అడుగున గుహల్లోకి వెళ్ళే డైవర్లు ఉంటారు, కేవ్ డైవర్లు. ప్రపంచంలో అంతకంటే ప్రమాదమైన ఆటలు కొన్నే ఉంటాయి, పైన నీళ్ళు కాదు, రాయి ఉంటుంది, ఊపిరాడకపోతే నేరుగా పైకి లేచే దారి ఉండదు. వాళ్ళకో నియమం ఉంది: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా డైవ్ ఆపేయొచ్చు. బొటనవేలు పైకెత్తితే చాలు. నీళ్ళలో బొటనవేలు ఎత్తితే బాగుందని అర్థం కాదు, పైకి పోదాం అని. బాగుందని చెప్పాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. ఒకరు వేలెత్తితే మిగతావాళ్ళు కూడా వేలెత్తి వెనక్కి తిరుగుతారు, చర్చ ఉండదు. ఒడ్డుకొచ్చాక కూడా "ఎందుకు ఆపావ్" అని సూటిపోటి మాటలు అనరు. ఎందుకో తెలుసా? ఒక్కసారి ఎగతాళి చేస్తే, తర్వాతిసారి నిజంగా ఊపిరి అందనప్పుడు కూడా ఆ మనిషి మొహమాటపడి వేలెత్తడు. అంత అనుభవమున్నవాళ్ళే ఇలాంటి నియమం పెట్టుకున్నారంటే, సెలవు పెట్టుకుని వెళ్ళే మనకెందుకండీ పంతాలు? మేమిద్దరం ఈ నియమాన్ని డైవింగ్‌లోంచి ఎత్తుకొచ్చి మొత్తం ప్రయాణానికే పెట్టుకున్నాం. రద్దీ బస్సులో కూడా ఒకరు వేలెత్తితే తర్వాతి స్టాపులో దిగిపోతాం.

మామూలు స్కూబా సంగతి చెప్తాను. చాలామంది బ్యాక్‌ప్యాకర్లు థాయ్‌లాండ్‌లో కో తావో అనే చిన్న దీవిలో నేర్చుకుంటారు, మేమూ అక్కడే. మొదటి సర్టిఫికెట్‌తో 18 మీటర్ల లోతుదాకా వెళ్ళొచ్చు. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ నేల మీద గాలి మనల్ని నొక్కేంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర గాలి పరిమాణం సగమవుతుంది, అక్కడ ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలే రెట్టింపై ఊపిరితిత్తుల్ని చీల్చేయగలదు. అందుకే ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దని మొదటి గంటలోనే నూరిపోస్తారు. చెవుల్లో కూడా ఇదే కథ. దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లిగా ఊది చెవులు తెరుచుకునేలా చేయాలి, జలుబు ఉంటే తెరుచుకోవు, బలవంతంగా దిగితే కర్ణభేరి దెబ్బతింటుంది. కాబట్టి ఒకరు చెవి వైపు వేలు చూపించి చేయి అటూ ఇటూ ఊపితే ఆ రోజు ఇద్దరి డైవూ అయిపోయినట్టే. డబ్బు కట్టాం కదా అని ఏడవకండి.

నేర్చుకునేటప్పుడు మాత్రం భార్యాభర్తలు ఒకరికొకరు దూరంగా ఉంటేనే మంచిది, నా మాట నమ్మండి. మాస్క్‌లోకి సగం దాకా నీళ్ళు నింపుకుని, పై అంచుని నుదుటికి నొక్కిపెట్టి, ముక్కుతో గాలి వదిలి ఆ నీళ్ళు బయటికి పంపాలి, అదొక పరీక్ష. నాకు ప్రతిసారీ ముక్కులోకి నీళ్ళెక్కుతున్నాయి. నీళ్ళ కింద మాటలుండవు కదా, మా ఆయన పక్కనుంచి రెండు చేతులూ ఊపుతూ నాకు ట్యూషన్ మొదలుపెట్టారు, ఇలా నొక్కు, అలా ఊదు అని. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా ఆయన భుజాలు పట్టుకుని అటువైపు తిప్పి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. (నవ్వులు) పక్కన జడ్జి లేకపోయేసరికి నాకు వెంటనే వచ్చేసింది. స్కీయింగ్, సర్ఫింగ్ కూడా ఇంతే. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారంటే ఆ సాయంత్రం భోజనం నిశ్శబ్దంగా జరుగుతుంది. మంచు కొండల మీద వాలుకి రంగులుంటాయి, యూరప్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని కష్టాన్ని బట్టి పెరుగుతాయి. కొత్తగా నేర్చుకుంటున్న మనిషిని "ఏం కాదు, నేనున్నా కదా" అని ఎరుపు వాలు మీదికి తీసుకెళ్ళే భర్తల్ని, భార్యల్ని చూస్తూనే ఉంటాం. డబ్బు కట్టి టీచర్ని పెట్టుకోండి, విడాకుల లాయరు కంటే చవక.

రాక్ క్లైంబింగ్ నాకు చాలా ఇష్టం, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. థాయ్‌లాండ్‌లోనే రైలే అని ఒక తీరం ఉంది, పడవలోనే చేరాలి, సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి గోడలు, వాటి నిండా తాడు తగిలించుకోవడానికి ముందే బిగించిన బోల్టులు. ఒకరు ఎక్కుతుంటే ఒకరు కింద నిలబడి తాడు వదులుతూ, జారితే ఆపుతూ ఉంటారు, దాన్ని బెలే అంటారు. ఎక్కే ముందు ఒకరి సామాను ఒకరు తనిఖీ చేయాలి. కళ్ళతో చూస్తే చాలదు, చేత్తో పట్టుకోవాలి. నడుం పట్టీ బకిల్ లాగి చూడాలి, ఎనిమిది అంకె ఆకారంలో వేసిన ముడిలో తాడు రెండో వరస ఎక్కడా తప్పకుండా పక్కపక్కనే వెళ్ళిందా లేదా అని వేలితో తడుముతూ చూడాలి, బెలే పరికరంలో తాడు సరైన దిక్కున ఉందా, కారబైనర్, అంటే తాడు తగిలించే లోహపు కొక్కెం, దాని మర బిగించి ఉందా చూడాలి. ఎన్నేళ్ళ అనుభవమున్నా ప్రతిసారీ చేస్తారు, ఎందుకంటే ముడి వేస్తూ వేస్తూ మధ్యలో మాట్లాడి, వేయడం సగంలో మర్చిపోయినవాళ్ళలో ఆరితేరినవాళ్ళు కూడా ఉన్నారు. భార్యాభర్తలకి ఇందులో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది: మనవాళ్ళే కదా అని నమ్మకం. కొత్తవాళ్ళ ముడిని పట్టిపట్టి చూస్తాం, ఇంట్లో మనిషి ముడిని చూడం. చూడండి.

బరువు తేడా ఇంకో చిక్కు. పైన ఎక్కేవాళ్ళు కిందున్నవాళ్ళ కంటే బాగా బరువైతే, జారినప్పుడు కిందున్నవాళ్ళు గాల్లోకి లేచిపోతారు. నేను మా ఆయన కంటే చాలా తేలిక, ఆయన ఒకసారి జారినప్పుడు నేను మొదటి బోల్టు దగ్గరికి ఎగిరి దానికి కొట్టుకోబోయాను. తాడు వదల్లేదనుకోండి. ఇలాంటి జంటల కోసం ఎడెల్‌రిడ్ అనే కంపెనీ ఓమ్ అని ఒక పరికరం తయారుచేసింది. మొదటి బోల్టుకి తగిలిస్తే, జారినప్పుడు తాడుని రాపిడితో పట్టి కుదుపు తగ్గిస్తుంది. అప్పటి నుంచి అది లేకుండా ఆయన ఎక్కేదాన్ని నేను పట్టుకోను, ఇది నా "వద్దు". ఆయన దాని గురించి ఎప్పుడూ వాదించలేదు, పడేది ఆయనే కదా మరి.

ఇక ట్రెక్కింగ్. ఒక జంటలో ఎవరు బలవంతులో తేల్చడానికి కొండలకి ఉన్నంత సరదా ఇంకెవరికీ లేదు. ఎత్తైన చోట గాలి పలచబడి ఎవరికి జబ్బు చేస్తుందన్నది ఒంట్లో బలాన్ని బట్టి ఉండదు. రోజూ పరుగెత్తే మనిషి పడిపోవచ్చు, మెట్లెక్కితే ఆయాసపడే మనిషి చక్కగా ఎక్కేయొచ్చు. 3,000 మీటర్లు దాటాక రోజూ పడుకునే ఎత్తు 500 మీటర్ల కంటే పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదే ఎత్తులో ఆగమని వైద్యులు చెప్పే లెక్క. పగలు కాస్త పైకెక్కి రాత్రికి కిందికొచ్చి పడుకుంటే ఇంకా మంచిది. ఆఫ్రికాలో కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు, దాన్ని ఐదు రోజుల్లో ఎక్కించే ప్యాకేజీల కంటే ఏడెనిమిది రోజుల దారుల్లో శిఖరం చేరేవాళ్ళు ఎక్కువ, కారణం ఇదే. జంటలు మాత్రం ఆ రెండు రోజుల డబ్బు మిగుల్చుకుందామనుకుంటారు.

మేం నేపాల్లో అన్నపూర్ణ సర్క్యూట్, అంటే అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే దారి, నడిచాం. దాంట్లో అన్నిటికంటే ఎత్తు థొరాంగ్ లా కనుమ, 5,416 మీటర్లు. మనాంగ్ అనే ఊరు దాటి యాక్ ఖర్కా చేరిన రాత్రి, 4,000 మీటర్ల పైన, మా ఆయనకి తలనొప్పి మొదలైంది. ఆయన రోజూ పరుగెత్తే మనిషి, నేను దారంతా ఆయన వెనకే వగరుస్తూ వచ్చాను. తెల్లవారేసరికి తలనొప్పి తగ్గలేదు, తిన్నది నిలవట్లేదు. నేల మీద ఒక గీత అనుకుని దాని మీద మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవమన్నాను. ఇది అందరూ నేర్చుకోవాల్సిన పరీక్ష: తాగిన మనిషిలా తూలితే మెదడు వాస్తోందేమోనని అనుమానించాలి. అలా తూలినా, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఇంక ఒక్క నిమిషం కూడా ఆగకుండా దిగడమే. ఆయన తిన్నగానే నడిచారు, కానీ "కాస్త రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది, నువ్వు గ్రూపుతో వెళ్ళు, నేను ఇక్కడుంటా" అన్నారు. నేను బొటనవేలు ఎత్తాను. గుర్తుంచుకోండి, జబ్బు చేసినవాళ్ళే వద్దు అనాలని లేదు, పక్కనున్నవాళ్ళు కూడా అనొచ్చు, ఎత్తు మీద జబ్బు చేసిన మనిషికి తన పరిస్థితి తనకి తెలియదు. ఆ మనిషిని ఒంటరిగా కిందికి పంపడం కూడా తప్పు. ఇద్దరం మనాంగ్ దిగిపోయాం. అక్కడ సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంటుంది, డాక్టరు చూసి దిగి మంచి పని చేశారన్నారు. మా గ్రూపు కనుమ దాటింది, మేం దాటలేదు. జీపెక్కి పోఖరా వచ్చేసి, సారంగ్‌కోట్ మీంచి పారాగ్లైడింగ్ చేశాం, ఫేవా సరస్సు మీద గద్దలతో పాటు చక్కర్లు కొడుతూ. బంజీకి వణికిన మా ఆయన దాంట్లో కేకలు పెట్టి నవ్వారు. ఆయన భయం ఎత్తంటే కాదట, తలకిందులుగా పడడమంటేనట. ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియని సంగతి అది.

సన్నటి పడవలో తెడ్డు వేసే కయాకింగ్, గాలి నింపిన రబ్బరు పడవలో ఉరవడి నదిలో పోయే రాఫ్టింగ్, వీటి గురించి రెండు ముక్కలే. ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందున్నవాళ్ళు తెడ్డు వేగం నిర్ణయిస్తారు, వెనకున్నవాళ్ళు కాళ్ళతో చుక్కాని తిప్పుతూ ఆ వేగాన్ని అందుకోవాలి. అంటే దారి చూపించాలని తహతహలాడేవాళ్ళని ముందు కూర్చోబెడితే పోరు మొదలవుతుంది, మధ్యలో చోట్లు మార్చుకోండి. రాఫ్టింగ్‌లో నదుల్ని ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లు పెడతారు, ఆఫ్రికాలో విక్టోరియా జలపాతం కింద జాంబెజీ నది అయిదో గ్రేడు. ఈత రాని మనిషిని అక్కడికి తీసుకెళ్ళకండి, లైఫ్‌జాకెట్ ఉంది కదా అనకండి.

ఇప్పుడు అందరూ ఆవులించే టాపిక్, ఇన్సూరెన్స్. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ కొని సాహసాలకి బయల్దేరేవాళ్ళు చాలామంది. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ ఒకటుంటుంది, అదొక్కటి చదవండి, మిగతాది చదవకపోయినా పర్లేదు. స్కూబా ఎన్ని మీటర్ల లోతు వరకు, ట్రెక్ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా లేదా, ఇవి చూడాలి. 4,000 మీటర్ల వరకే అని ఉన్న పాలసీ పట్టుకుని 5,400 ఎక్కితే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. న్యూజిలాండ్‌లో ఒక వింత ఉంది, 1974 నుంచీ నడుస్తున్న ఏసీసీ అనే ప్రభుత్వ పథకం అక్కడ ప్రమాదంలో గాయపడిన పర్యాటకుల వైద్యానికి కూడా సాయం చేస్తుంది, తప్పెవరిదని అడగదు. కానీ జబ్బు చేస్తే అది వర్తించదు, ఇంటికి చేర్చే ఖర్చూ పెట్టుకోదు, కాబట్టి అక్కడా పాలసీ కావాలి.

ఇంకోటి, విమానం మీంచి దూకడానికి వంద ప్రశ్నలడిగే మనిషి, అద్దె స్కూటర్ మాత్రం హెల్మెట్ లేకుండా ఎక్కేస్తాడు. విదేశాల్లో ప్రయాణికులు చనిపోవడానికి ముఖ్య కారణాల్లో రోడ్డు ప్రమాదాలు ఒకటి. లైసెన్సు సంగతి కూడా చూసుకోండి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు ముఖ్యంగా రెండు ఒప్పందాల కింద ఇస్తారు, 1949 జెనీవాది, 1968 వియన్నాది. వియత్నాం 1968 దాన్నే గుర్తిస్తుంది. 1949 పర్మిట్ చేతిలో పెట్టుకుని అక్కడ బండి నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. స్కూటర్ వెనక కూర్చునేవాళ్ళ "వద్దు" కూడా లెక్కలోకే వస్తుంది, ఇది రెండో రకం.

సామాను గురించి అడుగుతారని తెలుసు. సగం సగం పంచుకోకండి, ఒంటి బరువుని బట్టి పంచుకోండి, ఒంటి బరువులో అయిదో వంతు దాటకుండా. 80 కిలోల మనిషి 16 మోస్తే 55 కిలోల మనిషికి 11 చాలు. పాస్‌పోర్టులు రెండూ ఒకే సంచిలో, కార్డులన్నీ ఒకే పర్సులో వద్దు. దారంతా ఒకరే ప్లానింగ్ చేసి ఇంకొకరు వెనకే నడిస్తే, ఆ ప్లాన్ చేసిన మనిషి ఆస్పత్రిలో పడిన రోజు రెండోవాళ్ళకి హోటల్ పేరు కూడా తెలియదు.

నేనింక ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి. అదిగో, అక్కడ.

(సభలోంచి: ఒకరు ఎప్పుడూ వద్దే అంటుంటే, రెండోవాళ్ళ సంగతేంటండీ? ఎన్నాళ్ళని సర్దుకుంటారు?)

మంచి ప్రశ్న. సర్దుకోమని నేననలేదండీ. మొదటి రకం పనులన్నీ మీరొక్కరే చేసుకోండి, ఆ రోజు వాళ్ళకి నచ్చింది వాళ్ళు చేసుకుంటారు. కలిసి వెళ్ళినంత మాత్రాన ఇరవైనాలుగు గంటలూ అతుక్కుని ఉండాలని ఎక్కడా రాసిలేదు, వారంలో ఒక రోజు ఎవరి దారి వాళ్ళదే అని మేం ముందే అనుకుంటాం, సాయంత్రం చెప్పుకోవడానికి కబుర్లుంటాయి. రెండోది, ఆ మనిషి దేనికి వద్దంటున్నారో గమనించండి. ఎత్తులంటే భయపడేవాళ్ళు నీళ్ళలో మీకంటే ధైర్యవంతులు కావచ్చు. వాళ్ళు ముందుండి మీరు వెనక తడబడే పని ఒకటి వెతకండి. ఎప్పుడూ ఒకరే గొప్పగా కనపడే ప్రయాణంలో రెండోవాళ్ళు వద్దు అనక ఏం చేస్తారు?

ఇంకెవరు? చెప్పమ్మా.

(సభలోంచి: మేం ఒకే ట్రిప్‌లో స్కూబా, స్కైడైవింగ్ రెండూ పెట్టుకున్నాం. స్కూబా చివర్లో ఉంది, ఫర్వాలేదా?)

చివర్లో అంటే ఎప్పుడు? మర్నాడు పొద్దున్నే ఫ్లైటా? అయితే మార్చుకో తల్లీ. డైవింగ్ చేసినప్పుడు ఒంట్లో నైట్రోజన్ కరిగి ఉంటుంది, ఆ వెంటనే ఎత్తుకి వెళ్తే అది బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చాలా చేసుంటే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెప్తుంది. స్కైడైవింగ్ విమానం ఇంకా చిక్కు, 15,000 అడుగుల దాకా తీసుకెళ్తారు, లోపల ప్రెషర్ నియంత్రణ ఉండదు. అందుకని స్కూబా ముందు పెట్టుకుని, మధ్యలో ఒక పూర్తి రోజు నేల మీదే తిరగండి, కొండ ఎక్కే రోడ్డు ప్రయాణాలు కూడా ఆ రోజు పెట్టుకోకండి. తేదీలు మార్చడానికి కుదరకపోతే రెంటిలో ఒకటి వదిలేయండి. ఏది వదలాలో మీ ఇద్దరూ ఈ రాత్రే తేల్చుకోండి, ఆయన పక్కనే ఉన్నారు కదా. ఇన్సూరెన్స్ కాగితాలు తెచ్చుకున్నవాళ్ళుంటే ఈ పక్క బల్ల దగ్గరికి రండి, మినహాయింపుల పేజీ కలిసి చూద్దాం.